కంప్యూటరులో వంతులు వేసేదెవరు?

కంప్యూటరు ఒకేసారి పది పనులు చేస్తుందని మీలో చాలామంది నమ్మకం. ఫోనులో పాట వినిపిస్తూనే ఉంటుంది. అదే సమయంలో ఏదో సినిమా దిగుమతి అవుతూ ఉంటుంది. మధ్యలో మీ స్నేహితుడు పంపిన సందేశం 'టింగు'మంటుంది. అన్నీ ఒక్కసారే జరుగుతున్నట్లు కనిపిస్తాయి. కాని కనిపించేదంతా నిజం కాదని సైన్సు చదివేవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. సూర్యుడు కూడా తూర్పున లేచి పడమటికి నడుస్తున్నట్లే కనిపిస్తాడు కదా!

అసలు సంగతి ఇది. కంప్యూటరులో ఆదేశాలను అమలు చేసే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. ఒక ప్రాసెసర్ ఒక క్షణంలో ఒక్క పనినే నడపగలదు. "మా అన్నయ్య ఫోనులో ఎనిమిది ఉన్నాయి సార్!" అని మీలో ఎవరో ఒకరు అంటారని నాకు తెలుసు. నిజమే, ఇప్పుడు చాలా ఫోన్లలో ఒకే చిప్పు మీద ఎనిమిదేసి ప్రాసెసర్లు కూర్చుంటున్నాయి. కాని ఆ ఫోనులో జరగవలసిన పనులు ఎనిమిది కావు, వందలు. మీరు తెరిచినవి నాలుగైదే కావచ్చు. మీకు కనిపించకుండా సిగ్నలును చూసుకునేది, బ్యాటరీని చూసుకునేది, తెర మీద వేలు పడిందా అని కనిపెట్టుకుని ఉండేది, ఇలా ఎన్నో ఉంటాయి. కనుక ప్రాసెసర్లు ఎనిమిదైనా ఒకటైనా ప్రశ్న మారదు: ఇప్పుడు వంతు ఎవరిది?

ఆపరేటింగ్ సిస్టమ్ అనే పెద్ద కార్యక్రమానికి నట్టనడుమ ఉండే భాగాన్ని కెర్నెల్ అంటారు. ఆ మాటకు అర్థం గింజలోని పప్పు అని. జీడిగింజకు పైన పెంకు ఉన్నట్లే, మీరు చూసే బొమ్మలూ గుర్తులూ అన్నీ పెంకు. లోపలి పప్పు ఎవరికీ కనిపించదు. వంతులు వేసే షెడ్యూలర్ ఆ పప్పులోనే ఉంటుంది.

ఈ షెడ్యూలర్‌ను గురించి నాకొక ఫిర్యాదు ఉంది, అది దాని మీద కాదు, మన మీద. మన బడుల్లో చాలాచోట్ల కంప్యూటరు పీరియడు అంటే ఉత్తరం టైపు చేయడం, బొమ్మకు రంగు వేయడం, పట్టికలో కూడికలు చేయించడం. పెంకు మీద ముగ్గులు వేయిస్తున్నాము. పప్పు మాట ఎత్తితే "అదంతా ఇంజనీరింగు కాలేజీలో చెప్పే పాఠం మాస్టారూ" అంటారు తోటి ఉపాధ్యాయులు. కాదని నా వాదన. ఒక సుద్దముక్క, ఒక గంట, నాలుగు అట్టముక్కలు ఉంటే తొమ్మిదో తరగతిలో చెప్పదగిన పాఠమిది. మరీ ముఖ్యంగా మేముండే చోట చెప్పకపోవడం విడ్డూరం. ఎందుకో వినండి.

హైదరాబాదు తూర్పు కొసన ఏఎస్ రావు నగర్ అని ఒక పేట ఉంది. రాధికా చౌరస్తా నుంచి ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా దాకా నడిస్తే సెల్‌ఫోన్ల దుకాణాలు, బట్టల షాపులు, కోచింగు సెంటర్లు వరసగా కనిపిస్తాయి. ఆ పేరులో ఉన్న రావుగారు ఎవరని అక్కడి పిల్లలను అడిగితే పాతకాలపు ఎమ్మెల్యే అని చెప్పినవారూ ఉన్నారు. అయ్యగారి సాంబశివరావుగారు ఎమ్మెల్యే కారు, శాస్త్రవేత్త. 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోను, తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోను చదువుకున్నారు. బొంబాయి దగ్గర ట్రాంబేలో అణుశక్తి పరిశోధన మొదలైన రోజుల్లో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచి పెద్దచేశారు. అణు రియాక్టరుకు కావలసిన కొలత సాధనాలను బయటి దేశాల నుంచి కొనుక్కోకుండా మనమే చేసుకోవాలన్నది ఆ విభాగం పట్టుదల. ఆ పట్టుదలలోంచే 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది. దానికి మొదటి అధిపతి రావుగారే. 2003లో ఆయన కన్నుమూశారు.

1969లో ట్రాంబేలో రూపొందిన కంప్యూటరు పేరు టి.డి.సి.-12. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్న మాటలకు పొడి అక్షరాలవి. 12 అంటే అది ఒక్కో మాటను 12 సున్నాలు, ఒకట్లతో రాసుకునేది. దాన్ని తయారుచేసి అమ్మే బాధ్యత ఇ.సి.ఐ.ఎల్.ది. తరువాత టి.డి.సి.-312, టి.డి.సి.-316 వచ్చాయి. ఇప్పటి మీ చేతి గడియారం ముందు కూడా టి.డి.సి.-12 శక్తి చాలదు. అయినా దానికి ఒక విశేషణం ఉండేది, అది గమనించండి: దాన్ని 'రియల్ టైమ్' కంప్యూటరు అన్నారు.

రియల్ టైమ్ అంటే మహావేగం అని చాలామంది పొరపడతారు. కాదు. రియల్ టైమ్ అంటే గడువు. జీతాల లెక్కలు వేసే కంప్యూటరు గంట ఆలస్యం చేస్తే గుమాస్తా విసుక్కుంటాడు, అంతే. రియాక్టరులో వేడిని కనిపెట్టి ఉండే కంప్యూటరు అలా చేస్తే? అక్కడ సరైన జవాబైనా గడువు దాటి వస్తే తప్పు జవాబు కిందే లెక్క. కనుక అటువంటి యంత్రంతో పనిచేసేవాళ్లు మొదట అడిగే ప్రశ్న "ఎంత వేగం?" అని కాదు, "అన్నీ ఒక్కసారి మీద పడితే, ముందు ఎవరి మాట వింటుంది?" అని.

ఇప్పుడు పప్పులోకి వెళదాం. దానికి ముందు ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తాలో ఒక జిరాక్సు దుకాణాన్ని ఊహించుకోండి. యంత్రం ఒకటే. నిమిషానికి 10 పేజీలు తీస్తుంది. ముగ్గురు వచ్చారు. ముందు వచ్చిన ఇంజనీరింగు విద్యార్థి చేతిలో 200 పేజీల ప్రాజెక్టు రిపోర్టు. వెనుక ఒక అమ్మ, ఆమె దగ్గర 20 పేజీల ఇంటి కాగితాలు. ఆ వెనుక మీలాంటి పిల్లవాడు, 10 పేజీల నోట్సు. వచ్చిన వరసలోనే తీస్తే విద్యార్థి ఆగనే ఆగడు, అమ్మ 20 నిమిషాలు ఆగుతుంది, పిల్లవాడు 22 నిమిషాలు ఆగుతాడు. సగటున 14 నిమిషాలు. వరస తిరగేసి చిన్నపని ముందు తీస్తే పిల్లవాడు సున్నా, అమ్మ ఒక నిమిషం, విద్యార్థి మూడు నిమిషాలు. సగటు ఒకటింబావు నిమిషం చిల్లర! యంత్రం అదే, కరెంటు అదే, కాగితాలు అవే. మారింది వరస ఒక్కటే.

"అయితే ఎప్పుడూ చిన్నపనే ముందు చేస్తే సరి" అని తొందరపడకండి. చిన్న పనివాళ్లు ఒకరి తరువాత ఒకరు వస్తూనే ఉంటే, పాపం ఆ 200 పేజీల కుర్రవాడు షట్టరు దించేదాకా నిలబడవలసిందే. కంప్యూటరు శాస్త్రంలో దీన్ని 'ఆకలి' అనే అంటారు. ఆ పనికి ప్రాసెసర్ అనే అన్నం ఎప్పటికీ దొరకదు.

మూడో పద్ధతి ఒకటుంది. ఒక్కొక్కరికి 10 పేజీల చొప్పున తీసి, పక్కవారికి వంతు ఇవ్వడం. లెక్క మీరే వేయండి: పిల్లవాడు రెండు నిమిషాలు ఆగుతాడు, అమ్మ మూడు, విద్యార్థి కూడా మూడే. ఎవరూ పెద్దగా కష్టపడరు. దీన్నే గుండ్రపు వంతు అనుకోవచ్చు. మీ ఫోనులో అన్నీ ఒక్కసారే జరుగుతున్నట్లు కనిపించడానికి కారణం ఇదే. నిమిషానికి బదులు అక్కడ వంతు సెకనులో వందోభాగమో, అంతకంటే తక్కువో.

కాని వంతు మార్చడానికి దుకాణదారు ఒక పని చేయాలి. విద్యార్థి కాగితాలు తీసేటప్పుడు, ఏ పేజీ దగ్గర ఆపాడో అక్కడ ఒక చీటీ పెట్టుకోవాలి. లేకపోతే మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. కంప్యూటరులో ఆ చీటీ ఏమిటి? ప్రాసెసర్ లోపల రిజిస్టర్లని కొన్ని చిన్న అరలు ఉంటాయి. (మన హాజరు రిజిస్టరుకూ వీటికీ సంబంధం లేదు.) లెక్క మధ్యలో ఉన్న అంకెలు, తరువాత చేయవలసిన ఆదేశం ఎక్కడున్నదన్న గుర్తు, అన్నీ వాటిలోనే ఉంటాయి. ఒక పనిని ఆపాలంటే ఆ అరల్లో ఉన్నదంతా ఆ పని పేరు మీద ఉన్న అట్టమీద రాసిపెట్టాలి. రెండో పని అట్ట తీసి, దాని మీద ఉన్న అంకెలను అరల్లో నింపాలి. అంతే, ప్రాసెసర్ ఇప్పుడు రెండో పని చేస్తున్నది. తాను మధ్యలో ఆగినట్లు ఆ పనికి తెలియనే తెలియదు. నిద్రపోయినవాడికి రాత్రి గడిచినట్లు తెలియనట్లే.

ఇక్కడ ఒక చిక్కు. ఇంతవరకు ఒక్కసారి కూడా నడవని కొత్త పనిని ఎలా మొదలుపెట్టాలి? దానికి ఆపిన చోటు అంటూ లేదు. కెర్నెల్ రాసేవాళ్లు ఇందుకొక చమత్కారం చేస్తారు. మొదటి ఆదేశానికి ముందే ఆగిపోయిందన్నట్లు ఒక దొంగ అట్టను తయారుచేసి వరసలో పెడతారు! షెడ్యూలర్‌కు ఇక కొత్త పని, పాత పని అన్న భేదం లేదు. ఆగిపోయిన పనిని మళ్లీ సాగించడం ఒక్కటే దానికి తెలిస్తే చాలు. ఇది మొదటిసారి తెలుసుకున్నప్పుడు నాకు కలిగిన ఆనందం పైథాగరస్ సిద్ధాంతపు నిరూపణ అర్థమైన రోజున కలిగిన దానికి తక్కువ కాదు.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. షెడ్యూలర్ కూడా ఒక కార్యక్రమమే. అదీ ప్రాసెసర్ మీదే నడవాలి. ఉన్న కుర్చీ ఒకటే. వేరే పనికి కుర్చీ ఇచ్చి తాను లేచి వెళ్లిపోయాక, ఆ పనిని మళ్లీ లేపేదెలా? లేపడానికి తాను కుర్చీలో లేదాయె! ఒకప్పుడు దీనికి జవాబు మర్యాద: ఒక్కొక్క పని కాసేపు చేసుకుని తనంతట తానే లేచి కుర్చీ ఇవ్వాలి. 1992లో వచ్చిన విండోస్ 3.1లో కార్యక్రమాల మధ్య ఏర్పాటు ఇలాంటిదే. ఏ ఒక్కటి మర్యాద తప్పి కూర్చుండిపోయినా మిగతావన్నీ కొయ్యబారిపోయేవి. గట్టి జవాబు వేరే ఉంది. ప్రాసెసర్ బయట ఒక గడియారాన్ని పెట్టి, నిర్ణీత కాలానికొకసారి గంట కొట్టించడం. గంట మోగగానే ప్రాసెసర్ చేస్తున్న పని ఏదైనా సరే వదిలి, కెర్నెల్‌లోకి దూకి తీరాలి. అది ప్రాసెసర్ తయారీలోనే ఉన్న కట్టడి. దాన్ని ఇంటరప్ట్ అంటారు. బడిలో పీరియడు గంట మోగితే లెక్కల మాస్టారు ఎంత రంజుగా చెబుతున్నా ఆపవలసిందే కదా, అలాగే.

గంట ఎంతసేపటికి మోగాలి? పది పనులున్నాయి, ఒక్కోదానికి సెకనులో పదోవంతు ఇచ్చారనుకోండి. మీరు మీట నొక్కాక ఆ పని వంతు రావడానికి దాదాపు సెకను పట్టవచ్చు. విసుగు పుడుతుంది. సెకనులో వందో వంతు ఇస్తే ఆ నిరీక్షణ పదో వంతుకు దిగుతుంది. అయితే ఇంకా చిన్నవి చేసుకుంటూ పోవచ్చు కదా? పోకూడదు. అట్ట మార్చడానికీ కాలం పడుతుంది. మార్చడానికి ఒక పాలు, పనికి తొమ్మిది పాళ్లు పట్టే వంతులైతే పదింట ఒక వంతు కాలం వృథా. పనికీ ఒకే పాలు ఇస్తే సగం కాలం అట్టలు మార్చడానికే సరి. (ఫోను పక్కన పెట్టుకుని చదువుతూ "కంప్యూటరులాగా మేమూ రెండు పనులు చేస్తాం" అనేవాళ్లకు ఈ మాట వర్తిస్తుంది. పైగా కంప్యూటరు చీటీ రాసుకుంటుంది. మీరు రాసుకోరు.)

ఇంతవరకు సమానమైన వంతుల మాట చెప్పాను. తరగతిలో ఓటింగు పెడితే పిల్లలు దాదాపు అందరూ సమానమైన వంతులకే చెయ్యెత్తుతారు. అదే న్యాయంగా కనిపిస్తుంది. నేను మాత్రం ఒప్పుకోను. ఆసుపత్రిలో రోగి గుండెను కనిపెట్టే పనికీ, అక్కడి గోడమీద తేదీ చూపించే పనికీ సమానమైన వంతు ఇవ్వడం న్యాయమా? అందుకని పనులకు ప్రాధాన్యపు అంకెలు వేస్తారు. పెద్ద అంకె ఉన్న పని లేచిందంటే చిన్న అంకె ఉన్న పని కుర్చీ ఖాళీ చేయాలి. అప్పుడు మళ్లీ ఆకలి చిక్కు వస్తుంది కనుక, చాలాసేపు ఆగిన పనికి అంకెను కొంచెం కొంచెంగా పెంచుతూ పోయే పద్ధతి కూడా ఉంది. నా ఓటు దానికి.

టి.డి.సి.-12 వచ్చిన 1969లోనే జూలై 20న అపోలో-11 చంద్రుడి మీద దిగింది. దిగడానికి కొన్ని నిమిషాల ముందు ఆ వాహనంలోని కంప్యూటరు 1202 అనే హెచ్చరిక అంకె చూపించింది. ఏం జరిగింది? అప్పుడు అవసరం లేని ఒక రాడార్ పరికరం నుంచి పనికిమాలిన సంకేతాలు కంప్యూటరు మీద కురుస్తున్నాయి. వాటిని లెక్కపెట్టడానికే దాని కాలంలో పదిశాతానికి పైగా పోతున్నది. పాత పనులు పూర్తికాకముందే కొత్త పనులు వచ్చి పడుతున్నాయి. వాటిని పెట్టుకునే అరలు నిండిపోయాయి. మామూలు యంత్రమైతే అక్కడ మొండికేసేది. కాని హాల్ లానింగ్ అనే ఆయన దానికి ప్రాధాన్యాలతో వంతులు వేసే పద్ధతిని రూపొందించి ఉన్నాడు. కంప్యూటరు అన్ని పనులనూ తుడిచివేసి, ఇంజనును నడపడం, దారి చూసుకోవడం వంటి ముఖ్యమైన వాటిని మాత్రం ఆపిన చోటి నుంచి మళ్లీ ఎత్తుకుంది. ఆ హెచ్చరిక నాలుగుసార్లు వచ్చింది, 1201 అని దాని తోబుట్టువు మరొకసారి. అయినా వాహనం దిగింది. ఏ పనిని వదిలేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం వల్ల దిగింది.

ఇంకో నాలుగేళ్లకు, 1973లో, లియు, లేలండ్ అనే ఇద్దరు ఈ విషయాన్ని గణితంలో పెట్టారు. నిర్ణీత కాలానికొకసారి తిరిగి వచ్చే పనులు కొన్ని ఉన్నాయి. తరచుగా వచ్చేదానికి పెద్ద అంకె ఇవ్వాలి. అన్ని పనులూ కలిపి ప్రాసెసర్ కాలంలో సుమారు 69 శాతానికి మించకుండా చూసుకుంటే, పనులు ఎన్ని ఉన్నా సరే, ఒక్కదానికీ గడువు తప్పదని నిరూపించారు. అంటే దాదాపు మూడోవంతు ఖాళీ ఉంచుకోవాలన్నమాట. ఆ ఖాళీని చూసి యంత్రం సోమరిగా ఉందని అనుకోకూడదు. గడువు తప్పదన్న హామీకి మనం కట్టే వెల అది.

ప్రాధాన్యపు అంకెలు వేసినంత మాత్రాన అంతా సవ్యంగా జరుగుతుందా? 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కథ వినండి. దిగిన కొద్దిరోజులకే దాని కంప్యూటరు ఉన్నట్టుండి తనంతట తాను మళ్లీ మొదటి నుంచి ప్రారంభం కావడం మొదలుపెట్టింది. వాహనంలోని భాగాల మధ్య సమాచారాన్ని చేరవేసే పనికి చాలా పెద్ద అంకె. గాలి, వేడిమి కొలతలు పోగుచేసే వాతావరణపు పనికి చిన్న అంకె. ఈ రెండూ పంచుకునే వస్తువు ఒకటుంది, ఒకరు వాడుతుంటే రెండోవారు ఆగాలి. చిన్న అంకె పని ఆ తాళం తీసుకుని లోపల ఉంది. పెద్ద అంకె పని వచ్చి తాళం కోసం బయట ఆగింది. అంతలో మధ్యస్థపు అంకె ఉన్న వేరే పని లేచింది. అది చిన్నదాన్ని కుర్చీ నుంచి దింపేసింది. చిన్నది నడిస్తే తప్ప తాళం రాదు, తాళం వస్తే తప్ప పెద్దది నడవదు. చివరికి మధ్యస్థపు పని పెద్దదాన్ని ఆపేసినట్లయింది! పెద్ద పని గడువుకు పూర్తి కాలేదని కాపలా గడియారం గమనించి, ఏదో ప్రమాదం జరిగిందనుకుని యంత్రాన్ని మొదటికి తెచ్చేది.

మందు సులువైనదే. పెద్దవాడు బయట కాచుకుని ఉన్నంతసేపూ, తాళం దగ్గరున్న చిన్నవాడికి ఆ పెద్ద అంకెను అరువివ్వాలి. అతడు గబగబా పని ముగించి తాళం ఇచ్చేస్తాడు, అరువు అంకె తిరిగి ఇచ్చేస్తాడు. ఆ సౌకర్యం యంత్రంలోని ఆపరేటింగ్ సిస్టమ్‌లో ముందే ఉంది. ఆ ఒక్క తాళానికి దాన్ని వాడలేదు. ఇంజనీర్లు భూమి మీద నుంచే ఆదేశం పంపి సరిచేశారు. ప్రయోగానికి ముందు పరీక్షల్లోనే ఈ చిక్కు కనిపించిందట. మళ్లీ రప్పించి చూడడం కుదరక వదిలేశారు. మీ ప్రయోగం ఒక్కసారి వింత ఫలితం ఇస్తే కొట్టివేసి నోటుబుక్కులో 'సరైన' అంకె రాసేవాళ్లు ఈ వాక్యాన్ని మరోసారి చదవండి.

"ఇవన్నీ అమెరికా మహానుభావుల సంగతులు, మాకెందుకు?" అంటారా? 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థికి 21 ఏళ్లు. కొత్త కంప్యూటరు కొనుక్కుని అతడు మొదట చేసిన ప్రయోగం ఏమిటో తెలుసా? రెండు పనులు. ఒకటి తెర మీద ఎ, ఎ, ఎ అని రాస్తుంది, రెండోది బి, బి, బి అని. గడియారపు గంటతో వంతు మారుతుంటే తెర మీద కాసేపు ఎలు, కాసేపు బిలు వస్తున్నాయి. అంతే! ఆ ప్రయోగం పెరిగి లినక్స్ అయింది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలోని పప్పు అదే. ఆ వంతుల నియమం కూడా రాయి మీద చెక్కినది కాదు. 2007లో ఒకసారి మార్చి, తక్కువసేపు నడిచిన పనికి ముందు వంతు అన్నారు. అదీ చాలదని 2023లో మళ్లీ మార్చారు. ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. కౌంటరు దగ్గర మూడుగంటలు నిలబెట్టి "సిస్టమ్ అంతేనండి, మా చేతిలో లేదు" అని చెప్పే మాట మీరందరూ విన్నారు. ఎండలో వచ్చిన ముసలివాళ్లు కూడా ఆ మాట విని, వానకు తలవంచినట్లు తలవంచి ఊరుకుంటారు. సిస్టమ్ వానలాంటిది కాదు. ఎవరి వంతు ముందు, ఎవరిది వెనుక, ఎవరిని వదిలేయవచ్చు అన్నది ఎవరో మనిషి కూర్చుని రాసిన నియమం. యంత్రం నిజంగా నిండిపోయి ఆలస్యమైందా, లేక ఆ వృద్ధుడి పనికి చిన్న అంకె వేసి ఉంచారా? ఈ ప్రశ్న అడగాలంటే అలాంటి అంకె ఒకటి ఉంటుందని తెలిసి ఉండాలి. ఉత్తరం టైపు చేయడం ఎంత బాగా నేర్చినా ఇది తెలియదు. సెలవుల్లో యాప్‌లు చేయడం నేర్పిస్తామని మా పేటలో బోర్డులు చాలా ఉన్నాయి. నేర్పనివ్వండి, తప్పులేదు. కాని రావుగారి పేరు పెట్టుకున్న వీధుల్లో పెరిగే పిల్లలు, ఆయన నాటి ఇంజనీర్లు మొదట అడిగిన ప్రశ్నను వినకుండానే పదో తరగతి దాటిపోవడం నాకు మింగుడు పడదు.

కంప్యూటరు లేకుండానే మీ తరగతిలో ఈ ఆట ఆడవచ్చు. ఒకరు ప్రాసెసర్, బల్ల ముందు కుర్చీలో కూర్చోవాలి. ముగ్గురు మూడు పనులు ఇవ్వాలి: ఒకటి పదిహేడో ఎక్కం రాయడం, రెండోది 1 నుంచి వరసగా అంకెలు కూడుకుంటూ పోవడం, మూడోది పాఠంలో ఒక పేరా ఎత్తి రాయడం. ఒక్కో పనికి ఒక అట్ట. ఒకరు షెడ్యూలర్. ఒకరు గడియారం చూసి పది సెకన్లకొకసారి గంట కొట్టాలి. నియమం ఒక్కటే: ప్రాసెసర్‌కు జ్ఞాపకశక్తి లేదు. గంట మోగగానే ఎక్కడున్నదీ అట్ట మీద రాసి ఇచ్చేయాలి. అట్ట మీద లేనిది తెలిసినా వాడకూడదు. కూడిక దగ్గర మొత్తం రాసి, ఎంతవరకు కూడారో రాయడం మరిచిపోతే ఏమవుతుందో చూడండి. తరువాత గంటను మూడు సెకన్లకు మార్చండి. ఎంత పని జరిగిందో, ఎంతసేపు అట్టలే రాశారో లెక్క కట్టండి. ఆ తరువాత పనులకు అంకెలు వేసి, ఒకే ఒక రబ్బరును తాళంగా పెట్టి పాత్‌ఫైండర్ చిక్కును తెప్పించండి.

చివరగా ఒకటి. ఈసారి రబ్బరు ఒకటి, స్కేలు ఒకటి పెట్టండి. మొదటి పని రబ్బరు పట్టుకుని స్కేలు కోసం చూస్తున్నది. రెండో పని స్కేలు పట్టుకుని రబ్బరు కోసం చూస్తున్నది. రెండూ తమ చేతిలోది వదలవు. గంట మోగుతూనే ఉంటుంది, వంతులు మారుతూనే ఉంటాయి, ఎవరి పనీ సాగదు. అంకె అరువిచ్చే మందు ఇక్కడ పనిచేయదు, ఎందుకో మీకే తెలుస్తుంది. అసలు ఈ ముడి పడకుండా ఉండాలంటే, వస్తువులను తీసుకునే విషయంలో ముందే ఒక చిన్న నియమం పెట్టుకోవచ్చు. ఆ నియమం ఏమిటో కనిపెట్టి, మీ సైన్సు మాస్టారుకు చెప్పండి.